మొక్కజొన్నకు పాలతోడు: సన్నసెగపై మీగడ కంకి కూర



వానకాలమున కంకి పాలుపోసుకొను దినములలో మొక్కజొన్న రుచి చూడని ఇల్లు మన పల్లెలలో అరుదు. తెలంగాణలో దీనిని మక్క అందురు. పచ్చి కంకులను కాల్చియు, ఉడకబెట్టియు తిందురు. లేతగింజలు రుబ్బి గారెలు వేయుదురు. ఎండిన గింజను విసిరి గటక కాచుదురు; పేలాలు వేపుదురు. హైదరాబాదు నగరములోను వానలు పడగానే వీధుల కూడళ్ళలో బండ్లపై కంకులు కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పు, కారము రుద్ది అమ్ముదురు.

ఇప్పుడు ఈ వంటకములకు మరియొకటి తోడయినది. లేత మొక్కజొన్న గింజలను పాలు, మీగడ, వెన్నలతో కలిపి కొన్ని గంటలపాటు సన్నని సెగపై మగ్గించు కూర ఇది. పాశ్చాత్య దేశములలో దీనిని భోజనమున ప్రక్క వంటకముగా వడ్డింతురు. అందులకై స్లో కుక్కరు అను విద్యుత్ పాత్రను వాడుదురు.

ఇది పట్నపు వేడుక అని మీకు తోచవచ్చును. కాని పల్లె బిడ్డల ఆరోగ్యమునకు సంబంధించిన ముఖ్య విషయమొకటి ఇందులో ఉన్నది. మొక్కజొన్న ఒక్కదానిపైననే ఆధారపడినచో శరీరమునకు కొరత ఏర్పడును. పాలు తోడైనచో ఆ కొరత చాలవరకు తీరును. మన చేలోని కంకియు, మన కొట్టములోని పాలును ఒకే కుండలో చేరవలెనని చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

తార్నాకలో జరిగిన కృషి

ఈ కొరతను గూర్చి తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును ఆనుకొని, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరున బెరిబెరి వ్యాధిపై పరిశోధనకై సర్ రాబర్ట్ మెక్కారిసన్ ప్రారంభించిన చిన్న విభాగమే దీనికి మూలము. ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినదియు ఆ సంవత్సరమే. పరిశోధనశాల 1958లో కూనూరునుండి హైదరాబాదుకు తరలివచ్చినది. 1969లో ఇప్పటి పేరు పొందినది.

ఆ దినములలో దక్కన్ పీఠభూమిలో జొన్నయే ముఖ్యాహారముగా గల పేదలలో పెల్లాగ్రా అను వ్యాధి కనబడుచుండెను. ఎండ తగులు చోట్ల, అనగా మెడ, ముంజేతులు, పాదములపై చర్మము నల్లబడి గరుకెక్కును. విరేచనములు పట్టుకొనును. ముదిరినచో మతి చలించును. ప్రాణమునకే అపాయము కలుగును. నియాసిన్ అను విటమిన్ కొరతయే దీనికి కారణము. సంస్థకు చెందిన డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్. జి. శ్రీకంటియా గారలు ఈ వ్యాధిని పరిశీలించి, జొన్న మాంసకృత్తులలో లూసిన్ అను పదార్థము అధికముగా నుండుట ఒక కారణము కావచ్చునని 1960లో ప్రకటించిరి. మొక్కజొన్నలో కూడ లూసిన్ ఎక్కువే.

ఇదే వ్యాధి ఇరువదవ శతాబ్దపు ఆరంభమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో మొక్కజొన్నపై ఆధారపడిన పేదలను పీడించెను. అది అంటువ్యాధి అని చాలమంది నమ్ముచుండిరి. డాక్టరు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1914 నుండి పనిచేసి, అది ఆహారలోపమువలన వచ్చునదని నిరూపించెను. ఆయన అనాథ శరణాలయములలోని పిల్లల భోజనములో పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడుజాతి గింజలు పెంచగా వ్యాధి తగ్గిపోయెను.

పాలు చేర్చునదేమి?

మొక్కజొన్న గింజలో మాంసకృత్తులు లేకపోలేదు. అయితే వానిలో లైసిన్, ట్రిప్టోఫాన్ అను రెండు అవసరమైన అంశములు తక్కువ. నియాసిన్ కొంత ఉన్నను, ఎండిన గింజలో అది బంధింపబడి యుండుటచే శరీరమునకు సరిగా అందదు. మెక్సికో దేశీయులు మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి రొట్టె చేయుదురు. అట్లు చేయుటవలన బంధింపబడిన నియాసిన్ విడివడును. అందుచేతనే మొక్కజొన్న ముఖ్యాహారమైనను ఆ దేశమున ఈ వ్యాధి అంతగా వ్యాపించలేదు.

పాలలో లైసిన్, ట్రిప్టోఫాన్ రెండును సమృద్ధిగా ఉన్నవి. మన శరీరము సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి 1 మిల్లీగ్రాము నియాసిన్ తయారు చేసికొనగలదు. కాబట్టి పాలు రెండు విధముల మేలు చేయును: గింజలోని మాంసకృత్తుల లోటు పూడ్చును, నియాసిన్‌కు దారి చూపును. పాలకంకి దశలోని లేతగింజలో నియాసిన్ ముదురు గింజలోకన్న మెరుగుగా అందును. లేత కంకి, పాలు కలిసిన వంటకము మంచిదనుటకు ఇవియే కారణములు.

గింజలోనే ఈ లోటును సవరింప శాస్త్రజ్ఞులు ప్రయత్నించిరి. 1971లో శక్తి, రతన్, ప్రోటీనా అను పోషక విలువ హెచ్చైన మొక్కజొన్న రకములు మనదేశమున విడుదలైనవి. అయినను సాధారణ రకములు పండించు ఇంట పాలు, పప్పు తోడుచేయుటయే నేటికిని సులభమైన మార్గము.

కంకి కోయు సమయము

ఈ కూరకు తీపి మొక్కజొన్న శ్రేష్ఠము. హైదరాబాదు పరిశోధన కేంద్రమునుండి వెలువడిన మాధురి, ప్రియ రకములు ఇందుకు తగినవి. సాధారణ మొక్కజొన్న కూడ పనికివచ్చును. అయితే పాలకంకి దశలోనే కోయవలెను. పీచు వెలువడిన సుమారు 20 దినములకు, పీచు గోధుమరంగుకు తిరిగి ఎండుచుండగా, గింజను గోటితో నొక్కి చూడుడు. తెల్లని పాలు చిమ్మినచో కంకి కోతకు వచ్చినది. నీరు వచ్చినచో ఇంకను లేత. ముద్దగా ఉన్నచో ముదిరినది.

కంకిని తెల్లవారుజామున చల్లదనములో కోయుడు. కోసినది మొదలు గింజలోని చక్కెర పిండిగా మారుచుండును. 30 డిగ్రీల వేడిలో ఒక్క దినములోనే సగమునకు మించి తీపి పోవచ్చును. కావున కోసిననాడే వండుడు. అమ్మువారు నీడన ఉంచి, తడిగోనె కప్పి, వెంటనే విపణికి చేర్చవలెను. కంకులు కోసిన పచ్చిచొప్పను పశువులకు వేయుడు. ఆ మేతయే పాలై మరల మీ కుండలోనికి వచ్చును.

స్లో కుక్కరు, దాలిగుంట

స్లో కుక్కరులో లోపల దళసరి మట్టిపాత్రవంటి పింగాణి పాత్రయు, దాని చుట్టు వేడితీగయు ఉండును. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనునతడు దీనికి 1940లో పేటెంటు పొందెను. లిథువేనియాలోని తమ ఊరివారు రొట్టెల బట్టీ చల్లారుచుండగా కూరకుండలు అందులో ఉంచి తెల్లవార్లు మగ్గించెడివారని అతని తల్లి చెప్పిన సంగతియే దీనికి ప్రేరణ.

ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. పెరటి మూల దాలిగుంటలో పిడకలు రాజవేసి, మట్టికుండలో పాలు పోసి, మూతపెట్టి ప్రొద్దుటినుండి సాయంత్రము వరకు కాచుట మన అవ్వలు ఎరిగినదే. ఆ పాలు ఎరుపు తిరిగి, అరచేతి మందమున మీగడ కట్టెడివి. స్లో కుక్కరు విద్యుత్తుతో నడచు దాలి అనుకొనుడు. 200 వాట్ల కుక్కరు 4 గంటలు పనిచేసినను 1 యూనిట్ కంటె తక్కువ విద్యుత్తే ఖర్చగును. కుక్కరు లేనివారు దళసరి మట్టికుండను దాలిపై గాని, పొయ్యిలోని నివురునిప్పుపై గాని పెట్టి ఇదే కూర వండవచ్చును.

కావలసిన వస్తువులు

ఆరుగురికి:

లేత కంకులు — 8
పాలు — అర లీటరు
మీగడ — 100 గ్రాములు
వెన్న — 50 గ్రాములు
పచ్చిమిరపకాయలు — 2
జీలకఱ్ఱ — అర చెంచా
మిరియాల పొడి — అర చెంచా
ఉప్పు — తగినంత
కొత్తిమీర — కొద్దిగా
బియ్యపు పిండి — 2 చెంచాలు (తీపి మొక్కజొన్న అయినచో మాత్రమే)

వండు విధము

1. కంకులు ఒలిచి, పీచు తీసి, కడిగి, కత్తితో గింజలు కోయుడు. కత్తి వెనుకభాగముతో బెండును గీరినచో మిగిలిన పాలు కూడ వచ్చును. దానిని పారవేయకుడు.

2. గింజలలో మూడవవంతు తీసి కచ్చాపచ్చాగా రుబ్బుడు. గింజలోని పిండి సుమారు 65–70 డిగ్రీల వేడికి ఉబ్బి కూరకు చిక్కదనము ఇచ్చును. తీపి మొక్కజొన్నలో పిండి తక్కువగుటచే బియ్యపు పిండిని చల్లని పాలలో ఉండలు లేకుండ కలిపి చేర్చవలెను.

3. పాలు పొయ్యిపై ఒక పొంగు రానిచ్చి, వేడిగనే కుక్కరులో పోయుడు. చల్లనిపాలు పోసినచో వేడెక్కుటకు చాలసేపు పట్టును; ఆ గోరువెచ్చని స్థితిలో సూక్ష్మజీవులు పెరుగును.

4. గింజలు, రుబ్బిన ముద్ద, సగము వెన్న, చీల్చిన పచ్చిమిరపకాయలు వేసి కలిపి, మూతపెట్టి, తక్కువ వేడిపై 3 నుండి 4 గంటలు ఉంచుడు. గంటకొకసారి అడుగంటకుండ కలిపిన చాలును. మాటిమాటికి మూత తీయకుడు.

5. దించుటకు అరగంట ముందు మీగడ, ఉప్పు, మిరియాల పొడి చేర్చుడు. మీగడ ముందుగనే వేసినచో విరిగి నూనె తేలును.

6. మిగిలిన వెన్నలో జీలకఱ్ఱ వేపి తాలింపుపెట్టి, కొత్తిమీర చల్లుడు. నిమ్మరసము కావలసినవారు విస్తరిలో వడ్డించిన తరువాతనే పిండుకొనవలెను. కుండలో పిండినచో పాలు విరుగును.

దాలిపై వండువారు పొయ్యిమీదనే గింజలు, పాలు కలిపి ఒక ఉడుకు రానిచ్చి, తరువాత కుండను నిప్పుపైకి మార్చవలెను. జొన్నరొట్టెతోను, చపాతీతోను, అన్నముతోను ఈ కూర బాగుండును.

గమనింపవలసిన సంగతులు

వండునప్పుడు కరెంటు పోయి రెండు గంటలలోపల రానిచో ఆ కూరను పారవేయుటయే క్షేమము. కొద్దిసేపటికే పోయినదని గుర్తించినచో వెంటనే పొయ్యిపైకి మార్చి ఉడికించుడు. పాలు చేరిన కూర గనుక మరునాటికి ఉంచకుడు. చిన్న బిడ్డలకు గింజ గొంతున అడ్డుపడవచ్చును. మిరపకాయ వేయక ముందే వారి వంతు తీసి మెత్తగా మెదిపి పెట్టుడు.

ఎండుగింజ వాడునప్పుడు మరింత జాగ్రత్త అవసరము. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రములలోని గిరిజన గ్రామములలో బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా కాలేయ వ్యాధితో మరణించిరి. బూజులోని అఫ్లటాక్సిన్ విషమే దీనికి కారణమని తార్నాక సంస్థ శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఎంత ఉడికించినను ఈ విషము పూర్తిగా పోదు. కోతకాలమున వానకు తడిసిన కంకులను కుప్పవేయక, పలుచగా పరచి ఎండబెట్టుడు. బూజుపట్టిన గింజను మనుష్యులకు గాని, పశువులకు గాని పెట్టవలదు. పాడిపశువు తిన్న విషము పాలలోనికి కూడ దిగును.

పాలు పోయువారికి ఒక మాట

ప్రొద్దున, సాయంత్రము పాలన్నియు కేంద్రమునకు పోసి, బిడ్డకు గటకయో అంబలియో మాత్రము పెట్టు ఇండ్లు మనలో ఉన్నవి. పాలడబ్బు ఇంటికి ఎంత అవసరమో మేము ఎరుగుదుము. అయినను కేంద్రమునకు కొలిచి పోయుటకు ముందే ఇంటి బిడ్డలకు, గర్భిణికి, బాలింతకు కావలసిన పాలు వేరుగా తీసిపెట్టుడు. రోజూ మీగడ కూర వండనక్కరలేదు. గటకలో మజ్జిగ పోసుకొని తినుట మన పెద్దల అలవాటు. వెన్న తీసినను పాలలోని మాంసకృత్తులు మజ్జిగలోనే నిలిచియుండును. పాడి లేనివారు పప్పు గాని, గ్రుడ్డు గాని తోడుచేయవచ్చును.

పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు కంకుల కాలమున ఒక దినము నిర్ణయించి, రైతువేదిక వద్దనో, అంగన్‌వాడీ కేంద్రమువద్దనో ఈ కూరను మట్టికుండలో వండించి తల్లులకు చూపింపవలెను. ఊరిలోని కంకులు, ఊరిలోని పాలు, నాలుగు పిడకలు ఉన్న చాలును. తల్లులు ఒకసారి రుచి చూచినచో, ఇంటిలోని మొక్కజొన్నకు పాలు ఎందుకు తోడు కావలెనో వివరించుట సులభమగును.