8 ఏహెచ్ అంటే 8 గంటలు కాదు!



మన హాస్టల్లో చదువుకునే చాలామంది అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. పల్లెల్లో ఇప్పుడు మందు కొట్టడానికి చేతి పంపుల బదులు బ్యాటరీ స్ప్రేయర్లు ఎక్కువగా వాడుతున్నారు. మా తరగతి మిత్రుని నాన్నగారు అప్పు చేసి ఒకటి కొన్నారు. ఆయనకు ట్యాంకుకు ఇంత అని కూలి ఇస్తారు. బ్యాటరీ మీద '12 వోల్టులు, 8 ఏహెచ్' అని ఉంది. 'ఎనిమిది అంటే ఎనిమిది గంటలు నడుస్తుంది' అని ఎవరో చెప్పారు. తీరా చూస్తే గంటన్నరకే మోటారు ఆగిపోయేది. మిగిలిన ట్యాంకుల కూలి వేరేవాళ్లకు పోయేది. బ్యాటరీ అమ్మినవాళ్లు మోసం చేశారని ఆయన బాధపడ్డారు.

సెలవులకు వెళ్లినప్పుడు 'నువ్వు చదువుకుంటున్నావు గదరా, దీనిమీద ఏం రాసిందో చెప్పు' అని కొడుకును అడిగారు. మావాడు చదవగలిగాడు కాని అర్థం చెప్పలేకపోయాడు. నిజానికి మాకెవరికీ తెలియదు. అప్పుడు సైన్సు మాస్టారిని అడిగి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాము.

ఏహెచ్ అంటే ఏమిటి?

ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్. ఒక ఆంపియరు విద్యుత్తు ఒక గంటసేపు ప్రవహిస్తే అది ఒక ఆంపియర్-అవర్. గంటకు 3600 సెకన్లు కాబట్టి ఇది 3600 కూలుంబుల ఆవేశానికి సమానం.

మన హాస్టల్ మేడమీది నీళ్ల ట్యాంకును తలచుకోండి. ట్యాంకులో పట్టే నీళ్లు ఏహెచ్ లాంటివి. ట్యాంకు ఉన్న ఎత్తు వోల్టుల లాంటిది. కుళాయిలోంచి వచ్చే ధార ఆంపియర్ల లాంటిది. ట్యాంకు ఎన్ని గంటలు వస్తుంది అని అడిగితే ఏం చెబుతాం? ఎన్ని కుళాయిలు తిప్పారు అని తిరిగి అడుగుతాం. బ్యాటరీ సంగతీ అంతే. మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతుందో తెలియకుండా గంటలు చెప్పలేము.

మేము కొలిచి చూశాము

పనులు లేని రోజుల్లో మావాడు స్ప్రేయరును శుభ్రంగా కడిగి తెచ్చాడు. మంచినీళ్లు పోసి, మాస్టారి సాయంతో మల్టీమీటరు పెట్టి చూస్తే మోటారు సుమారు 2.5 ఆంపియర్లు లాగుతోంది. 8ని 2.5తో భాగిస్తే 3.2, అంటే 3 గంటల 12 నిమిషాలు. కాని పూర్తిగా ఛార్జి చేసి నడిపితే 2 గంటల 15 నిమిషాలే వచ్చింది! మా లెక్క ఎక్కడ తప్పింది?

ఇలాంటి చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీల మీద రాసే ఏహెచ్ సాధారణంగా 20 గంటల లెక్క. అంటే 8 ఏహెచ్ బ్యాటరీ నుండి 0.4 ఆంపియరు చొప్పున మెల్లగా తీసుకుంటే 20 గంటలు వస్తుంది. వేగంగా లాగితే మొత్తమే తగ్గిపోతుంది. కారణం ఏమిటంటే, బ్యాటరీలోని ఆమ్లం సీసపు పలకల లోపలి రంధ్రాలలోకి చేరడానికి కొంత సమయం కావాలి. తొందరగా లాగితే పైపొర అయిపోతుంది, లోపలి భాగం అలాగే మిగిలిపోతుంది. అందుకే ఆగిన మోటారును కాసేపు వదిలి మళ్లీ స్విచ్ వేస్తే కొద్దిసేపు నడుస్తుంది. ఈ తగ్గుదలకు జర్మన్ శాస్త్రవేత్త పాయికెర్ట్ 1897లో ఒక సూత్రం ఇచ్చాడు.

మరి గంటన్నరకే ఎందుకు ఆగింది?

పెద్దాయన రాత్రి మూడు గంటలే ఛార్జి పెట్టేవారు. ఛార్జరు ఇచ్చేది 1.7 ఆంపియర్లు. మూడు గంటలకు 5.1 ఏహెచ్ మాత్రమే. అందులో కొంత వృథా అవుతుంది కూడా. పైగా చివరలో ఛార్జి నెమ్మదిగా ఎక్కుతుంది. కాబట్టి ఆ బ్యాటరీకి 6, 7 గంటలు కావాలి. ఛార్జరు మీద పచ్చలైటు వచ్చేదాకా ఉంచాలి. ఇంకొక తప్పు, వాడిన బ్యాటరీని రోజుల తరబడి ఖాళీగా వదిలేయడం. అలా వదిలితే పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ శక్తి శాశ్వతంగా తగ్గిపోతుంది.

ఏహెచ్ ఒక్కటే చూడకూడదు

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 10 ఏహెచ్. అది స్ప్రేయర్ బ్యాటరీ కంటే పెద్దదా? కాదు. దానిలోని సెల్ 3.7 వోల్టులు. 3.7ను 10తో గుణిస్తే 37 వాట్-అవర్లు. మన బ్యాటరీ 12ను 8తో గుణిస్తే 96 వాట్-అవర్లు. రెండు బ్యాటరీలను పోల్చాలంటే వోల్టులను ఏహెచ్‌తో గుణించి చూడాలి.

సైన్సు ప్రదర్శనలో మనలో చాలామంది చేసే పొరపాటు కూడా ఇదే. చిన్న 9 వోల్టుల బ్యాటరీకి బొమ్మ మోటారు కలుపుతాము. వోల్టులు ఎక్కువే గాని దాని ఏహెచ్ తక్కువ, అంతర్నిరోధం ఎక్కువ. పైగా మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు విద్యుత్తు లాగుతుంది. అందుకే న్యాయనిర్ణేతలు వచ్చేసరికి మన ఫ్యాను ఆగిపోతుంది! దాని బదులు 1.5 వోల్టుల పెద్ద సెల్స్ రెండు మూడు వరుసగా కలిపితే చాలాసేపు తిరుగుతుంది.

ఇప్పుడు ఆ పెద్దాయన రాత్రంతా ఛార్జి పెడుతున్నారు. ఒక ట్యాంకు కొట్టడానికి ఆయనకు పది నిమిషాలు పడుతుంది. 135 నిమిషాలకు 13 ట్యాంకులు. 'పన్నెండు ట్యాంకులు కొడతాను' అని ముందే చెప్పి పని ఒప్పుకుంటున్నారు. కొత్త బ్యాటరీ కొనే ఖర్చు తప్పింది.

మిత్రులారా! మన ఇళ్లలో చాలామందికి మనమే మొదటి చదువరులం. ఏ వస్తువు మీద ఏమి రాసి ఉందో మనల్నే అడుగుతారు. అక్షరాలు చదవడంతో సరిపెట్టుకోకుండా వాటి అర్థం కూడా చెప్పగలిగితే మన చదువు మన ఇంటికి అక్కరకు వచ్చినట్టే.

– పదవ తరగతి విద్యార్థులు