ఇంట గెలిచి రచ్చ గెలిచిన శాస్త్రిగారు

ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దల మాట. కాని రచ్చకెక్కినవాడు ఇంటికి దక్కడని లోకానుభవము. ప్రజాసేవకు పూనుకొన్నవారి భార్యాబిడ్డలు పడు పాట్లు మనమెరుగనివి కావు. మరికొందరి విషయమున ఇల్లు బాగుపడును, రచ్చ పాడగును. పదవి బంధువుల పాలగును. ఈ రెండు అపాయముల నడుమ ఒక గృహస్థు ఎట్లు నడిచెనో తెలిసికొనుటకు లాల్ బహదూర్ శాస్త్రిగారి జీవితము కంటె మంచి ఉదాహరణము మాకు తోచుట లేదు.

ఆయన 1904 అక్టోబరు 2వ తేదీన కాశికి చేరువనున్న మొగల్‌సరాయిలో జన్మించిరి. ఏడాదిన్నర వయసుననే తండ్రి గతించెను. తల్లి రామదులారీదేవి పుట్టింట ఉండి బిడ్డలను పెంచెను. 1921లో సహాయ నిరాకరణోద్యమము రాగా ఆయన పాఠశాల విడిచిరి. పిదప కాశీ విద్యాపీఠమున చదివి ‘శాస్త్రి’ అను పట్టము పొందిరి. కులమును తెలుపు ఇంటిపేరును ఆయన ముందే వదలుకొని యుండిరి గాన ఆ పట్టమే పేరులో నిలిచిపోయినది. 1928లో మీర్జాపురమునకు చెందిన లలితాదేవితో వివాహమైనది. కట్నముగ ఆయన అంగీకరించినవి ఒక రాట్నము, కొన్ని గజముల ఖద్దరు మాత్రమే.

లాలా లజపతిరాయిగారు స్థాపించిన లోకసేవక మండలిలో ఆయన సభ్యులు. జీవితమంతయు సేవకు అర్పించు సభ్యుల కుటుంబములకు మండలి కొద్దిపాటి భత్యమిచ్చెడిది. శాస్త్రిగారు పలుమార్లు చెరకు పోయిరి; మొత్తము సుమారు తొమ్మిది సంవత్సరములు జైళ్ళలో గడచినవి. ఒకమారు జైలునుండి, నెలకు ఏబది రూపాయలు సరిగా అందుచున్నవా, ఇల్లు గడచుచున్నదా అని భార్యకు వ్రాసిరట. అందుచున్నవి, నలుబదితోనే సరిపెట్టి పది మిగుల్చుచున్నానని ఆమె బదులు వ్రాసెనట. వెంటనే ఆయన, మా ఇంటికి నలుబదియే చాలును, మిగిలిన పది అక్కరగలవారికి ఇండని మండలికి తెలిపిరని చెప్పుదురు. ఈ కథను ఆయన నిస్పృహకు నిదర్శనముగ అందరును చెప్పుకొందురు. మేము ఇంకొక మాట చేర్చవలసియున్నది. ఆ పది రూపాయలను వదలుకొన్నది ఆయన, మిగిల్చినది ఆమె. ఒంటరిగ పిల్లలను సాకుచు ఆమె చేసిన పొదుపు లేనిచో ఆ త్యాగమునకు ఆధారమే లేదు.

ఇంతకంటె కఠినమైన ఘట్టము మరియొకటి కలదు. ఆయన చెరలో నుండగా చిన్నారి కుమార్తెకు ప్రాణముమీదికి వచ్చినది. ప్రభుత్వమువారు పదునైదు దినముల గడువిచ్చి విడిచిరి. బిడ్డ దక్కలేదు. అంత్యక్రియలు ముగిసినపిదప, గడువు ఇంకను మిగిలియుండగనే, ఆయన జైలునకు మరలిపోయిరి. తనను విడిచినది బిడ్డకొరకు. బిడ్డయే లేనప్పుడు బయట ఉండుట మాట తప్పుటయే యని ఆయన భావము. ఆ ఇంట మిగిలిన తల్లికి ఆ దినములలో ఆయన తోడు అక్కరలేకపోయెనా అని అడుగువారు ఉందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి తేలికైన సమాధానము లేదు. మాట నిలుపుకొనుటలో ఆయన తనకును తనవారికిని మినహాయింపు నీయలేదని మాత్రము చెప్పగలము.

స్వరాజ్యము వచ్చిన పిదప ఆయన ఉత్తరప్రదేశములో పోలీసు, రవాణా శాఖలను చూచిరి. 1952లో కేంద్ర రైల్వే మంత్రియైరి. 1956 సెప్టెంబరులో, అప్పటి హైదరాబాదు రాష్ట్రమున మహబూబునగరమునకు చేరువను వరదనీటికి వంతెన కూలి రైలు పడిపోయి, నూరుమందికి పైగా మరణించిరి. శాస్త్రిగారు రాజీనామా సమర్పింపగా ప్రధాని నెహ్రూగారు అంగీకరింపలేదు. నవంబరులో మద్రాసు రాష్ట్రమున అరియలూరు వద్ద అటువంటి ప్రమాదమే సంభవించి, మరల నూరుమందికి పైగా చనిపోయిరి. ఈమారు ఆయన పట్టు విడువలేదు, రాజీనామా అంగీకరింపబడినది.

మంత్రి వంతెన కట్టలేదు; రైలు నడపలేదు. అట్లయిన బాధ్యత ఎక్కడిది? పార్లమెంటరీ పద్ధతిలో ఒక శాఖ చేయు పనికి సభయెదుట జవాబు చెప్పవలసినవాడు మంత్రి. తప్పు ఇంజనీరుది, కావలివానిది అని క్రిందివారిని సభకు చూపి తాను తప్పుకొనుట ఆ పద్ధతికి విరుద్ధము. మన ఇండ్లలోనిదే పోలిక చెప్పవచ్చును. మన పిల్లవాడు పొరుగింటి కుండ పగులగొట్టినచో, పగులగొట్టినది నేను కానని ఇంటి యజమాని ఊరకుండడు. తానే పోయి క్షమాపణ చెప్పును. నెహ్రూగారు కూడ పార్లమెంటులో, ఈ ప్రమాదమునకు శాస్త్రిగారు కారకులు కారనియు, రాజ్యాంగ మర్యాదకు ఇది మేలుబంతి కావలెనని మాత్రమే అంగీకరించుచున్నాననియు తెలిపిరి.

పదవి పోయిన ఇంటి సంగతి ఎట్లుండును? 1963లో కామరాజు పథకము ననుసరించి హోం మంత్రి పదవిని విడిచినప్పుడు, శాస్త్రిగారి ఇంట కూరలు ఒకటికి తగ్గినవని, ఆయన వద్ద పనిచేసిన పత్రికారచయిత కులదీప్ నయ్యర్ వ్రాసియున్నారు. అంతటి పదవులు చేసినవారికి సొంత ఇల్లు లేదు. ఆదాయము కొరకు పత్రికలకు వ్యాసములు వ్రాసిరి.

1964 జూన్ 9న ఆయన ప్రధానమంత్రియైరి. కుమారులు ఒకనాడు సర్కారు కారును సొంత షికారుకు తీసికొనిపోగా, డ్రైవరుచేత దూరము లెక్కగట్టించి ఆ సొమ్మును ప్రభుత్వమునకు చెల్లింపించిరి. 1965లో యుద్ధము, ధాన్యపు కొరత ఒక్కసారిగ వచ్చినవి. వారమునకొక పూట భోజనము మానుడని దేశమును కోరదలచి, ముందుగ తన ఇంట ఒక సాయంకాలము పొయ్యి వెలిగింపవద్దని లలితాదేవికి చెప్పిరి. తన పిల్లలు ఓర్వగలరో లేరో చూచిన పిదపనే ఆయన ఇతరులను అడిగిరి. సోమవారపు రాత్రి భోజనము మానిన కుటుంబములు నాడు దేశమంతటను ఉండెను. ఆ పిలుపు జనులకు చేరినది, ఆజ్ఞ ఇచ్చువాడు దానిని తన వంటింట ముందు అమలుపరచినందువలననే యని మా అభిప్రాయము.

1966 జనవరి 10న తాష్కెంటులో పాకిస్తానుతో సంధిపై సంతకము చేసిరి. ఆ రాత్రి ఆయన ఢిల్లీలోని తన ఇంటికి టెలిఫోను చేసి అభిప్రాయమడిగిరనియు, సంధి తమకు నచ్చలేదని పెద్ద కుమార్తె చెప్పెననియు నయ్యర్ వ్రాసినారు. నాటి రాత్రి గడచి తెల్లవారకముందే, 11వ తేదీన, ఆయన హృదయము ఆగిపోయినది. రాజ్యవ్యవహారమున తాను చేసిన పనిని ఇంటివారు ఎట్లు తలచుచున్నారో యని చివరి రాత్రి కూడ విచారించిన ప్రధాని ఆయన.

హైదరాబాదులో ఒకప్పటి ఫతేమైదాను క్రీడాప్రాంగణము నేడు ఆయన పేరుతోనే పిలువబడుచున్నది. ఢిల్లీలో ఆయన నివసించిన ఇంటి చెంత స్మారక ప్రదర్శనశాలలో ఒక ఫియట్ కారు కలదు. ప్రధానియై యుండి, దాని వెల పండ్రెండువేల రూపాయలలో ఏడువేలు మాత్రమే చేతనుండగా, మిగిలిన అయిదువేలు బ్యాంకు వద్ద అప్పు తెచ్చి కొన్నది అది. అప్పు తీరకముందే ఆయన పోయిరి. ఆ బాకీని లలితాదేవి తనకు వచ్చు పింఛనునుండి తీర్చెను. ఆమె 1993 వరకు జీవించెను. ఆయన రచ్చ గెలిచినది నిజమే. అందులో ఇంటివారి పాలు ఎంతయో ఆ కారును చూచువారికి తెలియును.