పుక్కిలింపలేనివారి దంతసంరక్షణము



విస్తరి ముందునుండి లేచి, పెరటిలో చెంబెడు నీళ్లతో మూడుమారులు పుక్కిలించి యుమిసినగాని మన యిండ్లలో భోజనము ముగిసినట్లు కాదు. ఈ యలవాటును పిల్లలకు మాటలు వచ్చునప్పటినుండియే నేర్పుదుము. ఇది మిక్కిలి మంచి యాచారము. ఐనను, దీనిని పాటింపవలెనని యెంత కోరిక యున్నను పాటింపలేని రోగులు కొందరు గలరు. వారెవరనగా, శస్త్రచికిత్స జరిగిన పిమ్మట ముఖములో నొక ప్రక్క చచ్చుపడినవారు. అట్టివారి పండ్లను కాపాడు విధమును గూర్చి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

‘పుక్కిలించుట’ యను మాటలోనే పుక్కిలి యున్నది. పుక్కిలి యనగా బుగ్గ. నీటిని నోటిలో నటునిటు త్రిప్పునది బుగ్గయే. బయటికి పోకుండ నాపునది పెదవియే. ఆ రెండును పనిమానిన రోగితో “నోరు పుక్కిలించుకొమ్మ”నుట, కాలు విరిగినవానిని నడువుమనుట వంటిది. బుగ్గ మానిన పనిని చేయి చేయవలెను. ఈ వ్యాసమున నేను చెప్పదలచినదంతయు నీ యొక్క మాటలోనే యిమిడియున్నది.

2022 ఏప్రిలులో శ్రీకాకుళము జిల్లానుండి విజయనగరము జిల్లాలోనికి వచ్చిన మన రాజాములోనో, చుట్టునున్న పల్లెలలోనో ఒక యింటిని తలచుకొందము. ఆ యింటి యిల్లాలికి చెవి క్రింద గడ్డ లేచినది. లేక, యేండ్ల తరబడి చెవినుండి చీము కారి, చెవివెనుక యెముకదాక చెడినది. ఇట్టి పెద్ద శస్త్రములకు ఈ ప్రాంతమువారు పలువురు విశాఖపట్టణమునకు పోవుదురు. అచ్చట 1923లో నేర్పడిన కింగ్ జార్జి ఆసుపత్రి యుత్తరాంధ్ర జిల్లాలకు పెద్దదిక్కు. శస్త్రము జరిగినది, ప్రాణభయము తీరినది. కాని మూతి యొక ప్రక్కకు లాగినది, కన్ను మూతపడదు, త్రాగిన నీరు పెదవి మూలనుండి కారును. ఇంటివారు కుట్లను చూచుచున్నారు. కంటిలో చుక్కలు వేయుచున్నారు. అవి చేయవలసిన పనులే. కాని నోటిలోనికి చూచువారెవ్వరును లేరు. కొన్ని నెలలు గడచునప్పటికి చచ్చుపడిన ప్రక్కనున్న దవడపండ్లు మొదళ్లలో నల్లబడి, చిగుళ్లు వాచి, రాత్రులు నిద్రలేకుండ జేయును. పెద్ద గండము గడచినదని సంతోషించునంతలో నీ చిన్న గండము వచ్చిపడును.

దీనికి కారణము తెలిసికొన్నచో ఉపాయము దానంతట నదే తోచును. ముఖములో నొక్కొక్క ప్రక్కను కదల్చుటకు నొక్కొక్క నరము గలదు. అది మెదడునుండి బయలుదేరి, చెవివెనుక యెముకలోని సన్నని త్రోవగుండ వచ్చి, చెవి ముందున్న లాలాజల గ్రంథిలో దూరి, కొమ్మలుగా చీలి నుదుటికి, కంటికి, బుగ్గకు, పెదవులకు పోవును. కావుననే చెవి శస్త్రములందును, ఆ గ్రంథిలోని గడ్డలను తీయునప్పుడును, మెదడు ప్రక్కన వినికిడి నరముపై లేచిన గడ్డలను తీయునప్పుడును దీనికి దెబ్బ తగులవచ్చును. వైద్యుడు జాగరూకుడైనను, గడ్డ నరమును చుట్టుకొనియున్నపుడు ఇది యొక్కొక్కసారి తప్పదు. ఈ నరముల పనిని గూర్చి 1821లో లండనునందు చార్లెస్ బెల్ అను వైద్యుడు వ్యాసము ప్రకటించెను. కారణము తెలియక హఠాత్తుగా వచ్చు ముఖపక్షవాతమునకు నేటికిని అతని పేరే వాడుచున్నారు.

ఇక్కడ నొక వింత గమనింపుడు. నమలు కండరములకు పోవు నరము వేరు; పంటినొప్పిని తెలుపు నరమును వేరే. కావున సామాన్యముగా నిట్టి రోగి నమలగలదు, పంటి నొప్పియు నామెకు తెలియును. చెడినది బుగ్గ మాత్రమే. మనము నమలునపుడు బుగ్గ బయటివైపునుండియు, నాలుక లోపలివైపునుండియు అన్నమును మాటిమాటికి పండ్లమీదికి నెట్టుచుండును. బుగ్గ చచ్చుపడినపుడు నాలుక నెట్టిన మెతుకులు బుగ్గకును చిగుళ్లకును నడుమనున్న సందులో పడి, అచ్చటనే నిలిచిపోవును. పాచిలోని సూక్ష్మజీవులు ఆ పిండిని, తీపిని తిని పులుపును పుట్టించును; ఆ పులుపు పంటిని తినును. అదియునుగాక, రుచిని తెలుపుచు, దవడ క్రింది గ్రంథులనుండి లాలాజలమును రప్పించు సన్నని కొమ్మయొకటి యీ నరమునుండియే చీలి నడిమి చెవిగుండ పోవును. అది చెడినచో ఆ ప్రక్క నోరు కొంత యెండును. పండ్లను నిరంతరము కడుగునది లాలాజలమే గనుక, ఈ విధముగ కీడు రెండింతలగును.

ఇక చేయవలసిన పని. నోటిలోపల కుట్లున్నచో, బ్రష్షు నెప్పటినుండి వాడవచ్చునో శస్త్రము చేసిన వైద్యునే యడిగి మొదలుపెట్టవలెను. భోజనమునకు నిటారుగ కూర్చుండి, చిన్న ముద్దలు మంచి ప్రక్కను పెట్టుకొనవలెను. బుగ్గ స్పర్శకూడ పోయినచో వేడివేడి పదార్థములను ముట్టరాదు; కాలినను తెలియదు.

భోజనమైన తోడనే చేతులు కడిగికొని, చూపుడువ్రేలికి పలుచని శుభ్రమైన గుడ్డ చుట్టి, చచ్చుపడిన ప్రక్క బుగ్గ లోపల వెనుకనుండి ముందునకు, పైసందు నొకమారు, క్రిందిసందు నొకమారు తుడువవలెను. ఎంత యన్నము వచ్చునో చూచినపుడు మీకే యాశ్చర్యము కలుగును. పిమ్మట గ్రుక్కెడు గోరువెచ్చని నీరు తీసికొని, వాలిన పెదవిని రెండు వ్రేళ్లతో మూసిపట్టి, రెండవ చేతితో బుగ్గను బయటినుండి మెల్లగా నొక్కుచు విడుచుచు, తల ముందునకు వంచి యుమియవలెను. ఇది సాగనిచో సూదిలేని సిరంజిలో నీరు నింపి, తల వంచియుంచి, ఆ సందులోనికి మెల్లగా చిమ్మవచ్చును. కాని మ్రింగునపుడు పొలమారువారికి నీరు చిమ్మరాదు; అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. వారికి తడిగుడ్డతో తుడుచుటే క్షేమము. తుదకు అద్దము ముందు నిలిచి, చిన్న దీపము వేసికొని, బుగ్గను వ్రేలితో లాగి చూచుకొనవలెను. ఇదంతయు నైదు నిమిషముల పని.

ఉదయమునను, రాత్రి పండుకొనుటకు ముందును రెండేసి నిమిషములు పండ్లు తోముకొనవలెను. మెత్తని కుచ్చుగల, చిన్న తలగల బ్రష్షు, పిల్లలదైనను సరియే, వాలిన బుగ్గలోనికి సులువుగ పోవును. పేస్టులో పదిలక్షల పాళ్లకు 1000 మొదలు 1500 పాళ్లవరకు ఫ్లోరైడుండుట మంచిది. ఆ సంఖ్య డబ్బామీద ముద్రించియుండును. తోముకొన్న పిదప నురుగును ఉమిసి యూరకుండవలెను. ఎక్కువ నీటితో కడిగినచో ఆ మందు నిలువదు. వేపపుల్ల మన కలవాటైనదే యైనను, పెదవి పట్టులేనివారికి అది వెనుక పండ్లదాక పోదు. మొద్దుబారిన బుగ్గను గ్రుచ్చునుగూడ. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఇసుక పంటిని అరగదీయును గాన వానిని మానవలెను. కట్టుడుపండ్లవారు భోజనమైన ప్రతిసారియు వానిని తీసి కడిగి, రాత్రి తీసి నీటిలో నుంచవలెను.

ఆహార విషయమున మన ప్రేమయే రోగికి శత్రువగుచున్నది. చూడవచ్చినవారెల్ల బిస్కత్తులు తెత్తురు. ఇంటివారు పంచదార పాలు గంటకొకమారు త్రాగింతురు. పంటిని చెరుచునది తీపి యెంత తింటిమనుటకంటె ఎన్నిమారులు తింటిమనుటయే. తీపి భోజనముతోనే పెట్టి, నడుమ మంచినీరే యియ్యవలెను. చోడి యంబలి, మజ్జిగన్నము, మెత్తని పప్పు, ఉడికిన కూర మంచివి. మామిడితాండ్ర, బెల్లపు పాకముతో చేసిన ఉండలు బుగ్గసందున నంటుకొని వదలవు. ముఖమునకు వ్యాయామమని జిగురు మిఠాయి నమలుమని చెప్పువారు గలరు. నమలు కండరముల నరము వేరని పైన చెప్పితిని గదా! దానివలన ముఖపు నరమునకు లాభము లేదు, పంటికి నష్టము మాత్రము కలుగవచ్చును.

దంతవైద్యుని యొద్దకు పోవుటకు మనవారు వెనుదీయుటకు ఒక భయము ముఖ్యకారణము. పైపన్ను తీసినచో కంటిచూపు పోవునని పల్లెలలో నమ్మకము. మూతపడని కన్నుగల రోగి యింటిలో ఈ భయము పదింతలగును. చూపు నిచ్చు నరమునకును పంటికిని సంబంధము లేదు. కన్ను మూతపడకుండుట ముఖపు నరము పనిచేయకపోవుటచేతనే. పుచ్చిన పంటిలోని చీమును నిలువ యుంచుటయే ప్రమాదము. ఐతే కుర్చీలో కూర్చుండునపుడు ఆ కంటిని కాపాడుకొనవలెను. దీపపు వెలుగు, చిమ్ము నీరు, ఎగురు గార రేణువులు తెరచియున్న కంటిలో పడి పుండు చేయగలవు. కావున ముందుగనే వైద్యునితో “నాకు ఫలానా శస్త్రము జరిగినది, ఈ కన్ను మూతపడదు, ఈ మందులు వాడుచున్నాను” అని చెప్పి, కంటికి లేపనము వేయించుకొని, అద్దములు పెట్టుకొనవలెను. మొద్దుబార్చు సూది వేసినచో, దాని ప్రభావము పోవువరకు ఏమియు తినరాదు. బుగ్గను కొరికికొన్నను తెలియదు. వాలిన బుగ్గకు తగులు పదునైన పంటి యంచును నునుపు చేయించుకొనవలెను. నోటిలో పుండు రెండు వారములకు మానకున్న తప్పక చూపింపవలెను.

గడ్డ పుట్టకురుపని తేలి కిరణచికిత్స చేయవలసివచ్చినపుడు మరింత జాగ్రత్త కావలెను. కిరణములు సోకిన దవడయెముక గాయమును మాన్పుకొను శక్తిని కోల్పోవును. తరువాత పన్ను తీసినచో ఎముకయే చెడిపోవచ్చును. కావున చికిత్సకు ముందుగనే పండ్లన్నియు పరీక్ష చేయించి, నిలువని వానిని అప్పుడే తీయించుకొనవలెను. కిరణచికిత్స జరిగిన సంగతిని ఎన్ని యేండ్లైనను దంతవైద్యునికి చెప్పవలెను.

ఈ సందర్భమున మన ప్రాంతపు స్త్రీల యలవాటొకటి చెప్పక తప్పదు. నిప్పు ముట్టిన కొనను నోటిలోపల నుంచుకొని చుట్ట త్రాగు అడ్డపొగ యిది. 1971లో పిండ్‌బోర్గ్ మొదలగు శాస్త్రజ్ఞులు అప్పటి శ్రీకాకుళము జిల్లా పల్లెలలో 10,169 మందిని పరీక్షించి, నూటికి 43 మందికి పైగా అడ్డపొగ త్రాగుదురనియు, అంగిలి పుట్టకురుపునకు దానితో సంబంధమున్నదనియు ప్రకటించిరి. శస్త్రమైన నోటికి పొగ రెండవ గాయము; పుండ్లను మాననియ్యదు, చిగుళ్లను చెరుచును. పెదవికి పట్టులేని యీ రోజులనే చుట్టను విడుచుటకు మంచి యదనుగా చేసికొనుడు.

నరము తెగక నలిగినచో కొన్ని వారములకో నెలలకో కదలిక వచ్చును. తెగినదానిని కలిపి కుట్టినచో అది దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుచు పోవును. ముఖము కదలుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాదియు పట్టును. నరము నిదానముగ వచ్చును. పాచి మాత్రము ఒక్కరోజును ఆగదు. పుచ్చిన పన్ను తిరిగి మొలవదు.

తుదిగా, ఇంటిలోని అత్తలకును, కోడండ్రకును, కూతుండ్రకును ఒక మనవి. మూతి వంకరపోయిన స్త్రీ నలుగురిలో భోజనమునకు కూర్చుండుటకు సిగ్గుపడును. అందరును తిన్న పిదప వంటింటి మూల గోడవైపు తిరిగి, పైటకొంగు అడ్డుపెట్టుకొని గబగబ తిని లేచును. అప్పుడు తుడుచుకొనుటకు తీరిక యేది? ఆమెను పంక్తిలోనే కూర్చుండబెట్టుడు. నీరు కారినచో చూడనట్లుండుడు. భోజనమైన పిదప ఆ యైదు నిమిషములు గిన్నెలు తోముమని పిలువకుడు. గోరువెచ్చని నీటి చెంబు, మెత్తని గుడ్డ, చేతి యద్దము తెచ్చి యిండు. కావలసినచో దీపము మీరే పట్టుడు. శస్త్రము ఆమె ప్రాణమును నిలిపినది. ఆ ప్రాణము నిలుచుటకు అన్నము తినవలసినది ఆ పండ్లతోనే గదా!