బాలింతకు మాయ మాత్రలు: అపోహలు – వాస్తవాలు

కాన్పయ్యాక పడిన మాయను ఎండబెట్టి, పొడికొట్టి, మాత్రలుగా మింగిన బాలింతను మా అనంతపురం జిల్లా పామిడిలో నేను చూడలేదు. ఆ మాట ఇక్కడికి ఫోన్లలో వస్తోంది. కూతురి కాన్పుకని డాలస్‌కో న్యూజెర్సీకో బయల్దేరే తల్లి సూట్‌కేసులో శొంఠి, వాము, కాయం డబ్బా సర్దుకుంటూ ఉంటుంది. అవతలి నుంచి కూతురు, ‘ఇక్కడ మాయను మాత్రలు చేసిచ్చేవాళ్లుంటారమ్మా, మాట్లాడి పెట్టుకున్నాం’ అంటుంది. ‘మింగేదేంది పాపా! గుంత తీసి పూడ్చేది గదా!’ అని తల్లి నోరెళ్లబెడుతుంది. తల్లికి నవ్వు, కూతురికి చిరాకు. ఈ విషయంలో తల్లి వైపే న్యాయం ఉంది. అలాగని ఆమె సూట్‌కేసులో ఉన్నవన్నీ న్యాయమైనవేనని కాదు, ఆ సంగతి తర్వాత.

అపోహ: ఇది తరతరాల సంప్రదాయం, మనమే మరచిపోయాం.

అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయం, లాస్ వేగాస్‌కు చెందిన షారన్ యంగ్, డేనియల్ బెనిషెక్ 2010లో 179 సమాజాల గురించి మానవశాస్త్రవేత్తలు రాసిపెట్టినదంతా గాలించారు. తల్లి తన మాయను తానే తినడం ఆచారంగా ఉన్న సమాజం ఒక్కటీ దొరకలేదు. పూడ్చడం, కాల్చడం, నీళ్లలో వదలడం, చెట్టుకు కట్టడం మాత్రం కావలసినన్ని ఉన్నాయి. మన చరక సంహిత శారీరస్థానంలోనూ మాయ ప్రస్తావన ఉంది. అక్కడి ఆదుర్దా అంతా అది పూర్తిగా బయటపడిందా లేదా అన్నదే. మంత్రసానుల భయం కూడా అదే. మాయ ముక్క కడుపులో మిగిలితే రక్తం ఆగదని వాళ్లకు తెలుసు.

చైనా సంగతి అడుగుతారు. అక్కడ ఎండబెట్టిన మాయ ‘జిహెచె’ పేరుతో మందుగా ఉండేది నిజమే. కానీ అది ప్రధానంగా నీరసానికీ మగతనానికీ ఇతరులు వాడే మందు, బాలింత తన మాయను తాను మింగే ఆచారం కాదు. చైనా ప్రభుత్వ ఔషధ గ్రంథం 2015 ముద్రణలో దాన్ని తీసేశారు కూడా. బాలింతలు మింగడమనేది 1970ల అమెరికాలో, ఇంటి కాన్పులను మళ్లీ తేవాలన్న ఉద్యమంతో పాటు మొదలైంది. మా పెన్న ఒడ్డున ఇంకా పాత ఇళ్లు చాలానే నిలబడి ఉన్నాయి, వాటి వయసు ఈ ‘ప్రాచీన’ ఆచారం కంటే ఎక్కువ.

అపోహ: ఆవు తింటుంది, మేక తింటుంది, మనిషికి మాత్రం ఎందుకు పనికిరాదు?

ఈ ప్రశ్న వేసేవాళ్లకు గొడ్డు ఈనడం చూసిన అనుభవం తక్కువ. మన రైతులు ఆవు తన మాయను తినకుండా రాత్రంతా కాపలా కాస్తారు. తింటే పాలు తగ్గుతాయని వాళ్ల నమ్మకం, దానికీ రుజువు లేదనుకోండి. పాలిచ్చే జంతువుల్లో చాలా భాగం మాయను తింటాయి, ఒంటెలు తినవు, నీళ్లలో బతికే తిమింగలాలు తినవు. తినేవి ఎందుకు తింటాయన్న దానిపై శాస్త్రజ్ఞులకే ఏకాభిప్రాయం లేదు. పైగా ఆవు పచ్చిదే తింటుంది, ఆవిరి పట్టి, ఎండబెట్టి, మాత్రలో కూరి మూడు పూటలా మింగదు.

అపోహ: కాన్పులో పోయిన రక్తం తిరిగి పడుతుంది.

అనంతపురం జిల్లా ఆడవాళ్లకు దీని మీదే ఎక్కువ ఆశ కలుగుతుంది, ఎందుకంటే రక్తహీనత మన ఇంటి సమస్య. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది.

మాయలో ఐరన్ ఉంటుంది. ఎంత? లాస్ వేగాస్ బృందమే 2016లో 23 మంది బాలింతల మీద పరీక్ష పెట్టింది. కొందరికి వాళ్ల మాయ మాత్రలే ఇచ్చారు, మిగిలినవాళ్లకు ఎండిన గొడ్డుమాంసం పొడి నింపిన ఉత్తుత్తి మాత్రలు. ఎవరికి ఏది అందిందో మింగేవాళ్లకూ తెలియదు, ఇచ్చేవాళ్లకూ తెలియదు. మూడు వారాల తర్వాత రెండు గుంపుల రక్తంలోని ఐరన్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. లెక్క చూస్తే ఆశ్చర్యమేమీ లేదు. రోజంతా మింగే మాయ మాత్రలన్నింటిలో కలిపి సుమారు 2 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అనీమియా ముక్త్ భారత్ కింద ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఒక్క మాత్రలో 60 మిల్లీగ్రాములు. కాన్పయ్యాక 180 రోజులు ఆ మాత్ర వేసుకోవాలి. ఏఎన్ఎమ్ ఇచ్చిన ఆ మాత్రలు మన ఇళ్లల్లో అలమర పైఅరలో పడి ఉంటాయి, ‘వేడి చేస్తుంది’, ‘కడుపులో తిప్పుతుంది’ అని. టీతో కాకుండా, అన్నం తిన్నాక ఒక గంట ఆగి నీళ్లతో వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. విరేచనం నల్లగా అయితే భయపడనక్కర్లేదు.

అపోహ: పాలు బాగా పడతాయి.

నాకు అన్నింటికంటే విచిత్రంగా తోచేది ఇది. కడుపుతో ఉన్నన్నాళ్లూ మాయ నుంచి ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ ధారగా వస్తూ, రొమ్ములో పాలు ఊరకుండా ఆపి ఉంచుతుంది. మాయ పడిపోగానే ఆ హార్మోన్ ఒక్కసారిగా తగ్గుతుంది, అది తగ్గడమే పాలు దిగడానికి మొదటి సైగ. అందుకే మాయ ముక్క లోపల మిగిలిపోయిన తల్లికి పాలు ఆలస్యమవుతాయి. పాలు రావాలంటే మాయ వెళ్లిపోవాలి, ఆ వెళ్లిపోయినదాన్నే పాల కోసం మళ్లీ మింగమంటున్నారు. ఎండిన పొడిలో హార్మోన్లు ఎంత మిగులుతాయన్నది తయారీని బట్టి మారుతుంది. మిగిలితే అవి పాలకు సాయం చేసేవి కావు. పాలు పెరగడానికి తెలిసిన దారి ఒక్కటే: బిడ్డను పుట్టిన గంటలోపే రొమ్ముకు పట్టించడం, తర్వాత అడిగినప్పుడల్లా ఇవ్వడం.

అపోహ: బాలింత దిగులు రాదు.

అదే బృందం 2018లో 27 మంది తల్లులతో చేసిన పరీక్షలో మనస్థితి, అలసట, బిడ్డతో దగ్గరితనం చూసింది. మాయ మాత్రలకూ ఉత్తుత్తి మాత్రలకూ గట్టి తేడా కనబడలేదు. 27 మంది తక్కువే, నిజం. కానీ లాభముందని చెప్పడానికి అంతకంటే మంచి పరీక్ష కూడా లేదు. ‘నేను వేసుకున్నాను, నాకు బాగుంది’ అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కాన్పయిన మూడో రోజు కారణం లేకుండా ఏడుపొచ్చేది చాలామందికి రెండు వారాల్లో దానంతటదే పోతుంది, మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డను ముట్టుకోబుద్ధి కాకపోతే, చచ్చిపోవాలనిపిస్తే, అది దిష్టి కాదు, పొగరు కాదు, జబ్బు. టెలి–మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

అపోహ: ఆవిరి పట్టి ఎండబెట్టాక క్రిములేం మిగులుతాయి?

2016లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఒక పసిబిడ్డకు గ్రూప్–బి స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా రక్తంలోకి పాకింది. మందులిచ్చి ఇంటికి పంపిన ఐదు రోజులకే మళ్లీ అదే జబ్బు. ఆరా తీస్తే, కాన్పయిన మూడో రోజు నుంచి తల్లి పూటకు రెండు చొప్పున రోజుకు మూడుసార్లు మాయ మాత్రలు మింగుతోందని తేలింది. మాత్రలను పరీక్షిస్తే బిడ్డ రక్తంలోని బ్యాక్టీరియాయే వాటిలోనూ దొరికింది. ఇంట్లో వేరేవాళ్ల నుంచి వచ్చి ఉండే అవకాశాన్ని నివేదిక కొట్టిపారేయలేదు. అయినా మాయ మాత్రలు మానుకోవడమే మంచిదని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, 2017 జూన్‌లో ప్రకటించింది. బిడ్డ కోలుకుంది. తల్లికి ముందు చేసిన పరీక్షలో ఆ బ్యాక్టీరియా లేదనే వచ్చిందట.

అటు వైపు నుంచి భయపెట్టేవాళ్లూ ఉన్నారు: ‘మాయ ఒక జల్లెడ, విషాలన్నీ అందులోనే పేరుకుంటాయి’ అని. అదీ అతిశయోక్తే. మాత్రల్లో సీసం, ఆర్సెనిక్ లాంటివి కొలిస్తే హద్దు లోపలే కనబడ్డాయి.

అపోహ: ప్రభుత్వమే ఒప్పుకుంది కదా!

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఒప్పుకున్నది మాయను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకెళ్లడానికి. అంటురోగాల పరీక్షలు సరిగా ఉంటే తల్లి దాన్ని పట్టుకెళ్లవచ్చని 2015లో చట్టం చేశారు, 2016 జనవరి నుంచి అమలు. పూడ్చుకోవాలనుకునే తల్లికీ అదే చట్టం. మాత్రలు మంచివని అందులో ఎక్కడా లేదు. మన దేశంలో 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల కింద మాయ పసుపు సంచిలోకి వెళ్లి, కాల్చడమో లోతుగా పూడ్చడమో జరుగుతుంది. మాయ సారంతో చేసిన మందులను కూడా 2011లో కేంద్రం పుండ్లకు పైపూతగా, కటిభాగపు వాపుకు ఇంజక్షన్‌గా మాత్రమే మిగిల్చింది.

ఇక సూట్‌కేసు వైపు.

శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, బెల్లం, నెయ్యి కలిపి ఉడికించిన కాయం రోజూ ఉసిరికాయంత తింటే నాకు అభ్యంతరం లేదు, అది రుచికైనా బాగుంటుంది. గర్భసంచి పుండు మాన్పుతుందనేది మాత్రం ఎవరూ పరీక్షించి చూసింది కాదు. అసలు హాని కాయంలో లేదు, నీళ్ల చెంబు దాచేయడంలో ఉంది. ‘పొట్ట వస్తుంది, కుట్లు చీము పడతాయి’ అని బాలింతకు గుక్కెడు గుక్కెడే పోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మే నెలలో పామిడి ఎండకు మామూలు మనిషే సొమ్మసిల్లుతాడు, ఇక బిడ్డకు పాలిచ్చే మనిషి సంగతేంటి? దాహమేసినన్ని నీళ్లు తాగాలి. ఆకుకూర, గుడ్డు, రాగి సంగటి మాన్పించి చారన్నం, వెల్లుల్లి కారంతో నెల గడిపించడం కూడా అంతే. ముర్రుపాలు పిండి పారబోయడం అన్నింటికంటే అన్యాయం, బిడ్డకు తొలి రక్షణ వాటిలోనే ఉంది.

ఇప్పటికే మాయ మాత్రలు మింగుతున్నవాళ్లు ఆపేయవచ్చు, మెల్లగా తగ్గించాల్సిన పనేమీ లేదు. నెలలోపు బిడ్డకు ఒళ్లు వెచ్చబడినా, పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా రేపటిదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అక్కడ డాక్టరు అడగకపోయినా ఈ మాత్రల సంగతి చెప్పాలి, డబ్బా ఉంటే పారేయకుండా వెంట తీసుకెళ్లాలి.