నార్ఫోకు పల్లెల ప్రార్థనామందిరములు

మెదకు పట్టణమున 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన మహామందిరమును మన సోదరీమణులలో పలువురు చూచియే యుందురు. దానిని నిర్మించినవారు మెథడిస్టు క్రైస్తవులు. ఆ యున్నత గోపురమును గాంచినవారికి ఈ శాఖ సంపన్నుల వైభవమున జనించినదని తోచవచ్చును. కాని దాని పుట్టినిల్లగు ఇంగ్లండు పల్లెలలోని కథ వేఱు.

ఇంగ్లండు తూర్పుతీరమున నార్ఫోకు అను మండలము కలదు. గోధుమలు, యవలు, టర్నిపు దుంపలు పండు సీమ యది. పందొమ్మిదవ శతాబ్దమున అచటి భూములలో అధికభాగము పెద్ద భూస్వాములవి, చెమటోడ్చువారు కూలివారు. 1820 ప్రాంతమున ప్రిమిటివ్ మెథడిస్టులను శాఖకు చెందిన బోధకులు ఈ పల్లెలకు కాలినడకన వచ్చిరి. భూస్వాములు పలుతావుల మందిరమునకు స్థలమీయరైరి. కావున తొలిసభలు కూలివారి వంటయిండ్లలోను, ధాన్యపు కొట్టములలోను, వీథులలోను జరిగెను. పిమ్మట కాసు కాసు కూడబెట్టి, చెకుముకిరాళ్లతోను ఎఱ్ఱని యిటుకలతోను చిన్న చిన్న చాపెళ్లను కట్టుకొనిరి. కట్టిన పిదప మిగిలిన యప్పు తీర్చుటకై స్త్రీలు తేనీటివిందులు నడపి ధనము సమకూర్చిరి.

చాపెలు కొక గురువును పోషించుటకు ఆ బీదలకు శక్తి యెక్కడిది? అందుచే ఇరుగుపొరుగు పల్లెల చాపెళ్లను కొన్నిటిని ఒక జట్టుగా కూర్చి, దానిని సర్క్యూటు అనిరి. ఇది మూలపురుషుడగు జాన్ వెస్లీ నాటి పద్ధతియే. 1746లో అట్టి సర్క్యూట్లు ఏడు మాత్రమే యుండెను. సర్క్యూటునకు జీతముగల బోధకులు కొలదిమందియే. తక్కిన ఆదివారములందు బోధించువారు కమ్మరులు, చెప్పులు కుట్టువారు, పొలముకూలీలు. మూడునెలల కొకమాఱు ‘ప్లాను’ అను పెద్ద కాగితము అచ్చగును. ఒకవైపు పల్లెల పేర్లు, పైవరుసను తేదీలు, గళ్లలో బోధకుల సంఖ్యలు! దానిని చూచుకొని, వారమంతయు దున్నినవాడు ఆదివారమున మైళ్లకొలది నడచి పొరుగూరి చాపెలు చేరును.

1803లో వెస్లీ వర్గపు మహాసభ స్త్రీల బోధనను మిక్కిలి కట్టడి చేసెను. ప్రిమిటివ్ వారు మాత్రము తొలినాళ్లలో స్త్రీలను ఆదరించిరి. 1809లో నార్ఫోకున జన్మించిన ఎలిజబెత్ బల్టిట్యూడ్ 1832 మొదలు 1862 వఱకు, ముప్పది యేండ్లు, ఊరూర తిరిగి బోధించెను. ఆ శాఖ తొలితరపు సంచార బోధకురాండ్రలో ఆమెయే కడపటిది. శాఖకు పెద్దఱికము వచ్చినకొలది స్త్రీలకు వేదిక దూరమైనది. ఇది మనము మఱువదగిన విషయము కాదు.

ఇక జార్జి ఎడ్వర్డ్సు కథ వినుడు. ఈతడు 1850లో మార్షమ్ అను పల్లెలో కూలివాని కుమారుడై పుట్టెను. ఆకలిగొన్న పిల్లలకై తండ్రి కొన్ని టర్నిపు దుంపలు తెచ్చి చెఱసాల పాలయ్యెను. కుటుంబము అనాథశాలకు చేరెను. ఆఱేండ్ల వయసుననే జార్జి పొలములో కాకులను తోలు పనికి కుదిరెను. బడి యెఱుగడు. 1872లో షార్లటు అను యువతిని వివాహమాడునాటికి ఆతనికి చదువు రాదు. ఆ యేడే సర్క్యూటువారు ఆతనిని బోధకునిగా నియమించిరి. మొదటి ప్రసంగమునకు కీర్తనలను, పాఠమును కంఠస్థము చేసికొని పోయెను. పనినుండి యిల్లు చేరిన సాయంకాలములందు భార్యయే గురువై ఆతనికి అక్షరములు నేర్పెను. ఉపాధ్యాయుని ఇల్లాలినగుటచే నాకు ఈ ఘట్టము మిక్కిలి ప్రియమైనది.

చాపెలులో పెదవి విప్పుట నేర్చినవాడు, పిదప కూలివారి పక్షమునను నోరు విప్పెను. 1906లో తూర్పు మండలముల వ్యవసాయ కూలీల సంఘమును నెలకొల్పెను. సభ జరుపుట, లెక్క వ్రాయుట, చందా ప్రోగుచేయుట మున్నగునవి చాపెలు నేర్పిన విద్యలే గదా! 1920లో దక్షిణ నార్ఫోకు ప్రతినిధియై పార్లమెంటున అడుగిడెను.

1932లో మెథడిస్టు శాఖలలో ముఖ్యమైనవి ఏకమయ్యెను. ఒకే పల్లెలో రెండేసి చాపెళ్లు అనావశ్యకమగుటచేతను, పల్లెలు పలుచనగుటచేతను అనేకములు మూతపడెను. కొన్ని నేడు నివాసగృహములైనవి. పాత ప్లానుల గళ్లలో బోధకుల పేర్లు చదువవచ్చును. వారికి అక్షరము దిద్దించిన ఇల్లాండ్రకు మాత్రము అందు గడి లేదు. సోదరీమణులారా, మన యిండ్లలో చదువురాని పెద్దలు గాని, పనివారు గాని యున్నచో, ఒక పలకను, ఒక సాయంకాలమును వారికీయ జాలమా?