ఆ తడబాటు అబ్బాయిలకేనా?

పదహారేళ్ల పిల్లాడు ఉన్నట్టుండి తలకి నూనె వద్దంటున్నాడా? ఇస్త్రీ లేని చొక్కా వేసుకోనని మొండికేస్తున్నాడా? పాల ప్యాకెట్ తెమ్మంటే రోజూ విసుక్కునేవాడు, అడక్కముందే సంచీ పట్టుకుని బయల్దేరుతున్నాడా? అయితే పాలబూత్ దారిలో ఎవరిదో ఇల్లు ఉందన్నమాటే!

ఇది కనిపెట్టడానికి అపరాధ పరిశోధన అక్కర్లేదు. మా రాంనగర్‌లో ఓ సాయంత్రం బాల్కనీలో నిలబడితే చాలు. నారాయణగూడ వైపు కాలేజీలు, కోచింగ్ సెంటర్లు. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు కుస్తీ పట్టేవాళ్లు. వీటన్నిటికీ కూతవేటు దూరంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు. చదువూ సినిమా ఇక్కడ పక్కపక్క వాటాల్లో కాపురముంటాయి. ఆ రెంటి మధ్యా మన పదహారేళ్ల వీరులు తిరుగుతుంటారు.

సరిగ్గా ఒకే గేటు ముందు సైకిల్ చైను ఊడిపోయేవాళ్లు కొందరు. ఒక్క కాగితం జిరాక్సుకి అరగంట నిలబడేవాళ్లు ఇంకొందరు. ఆ అమ్మాయే ఎదురొచ్చి ‘టైమెంతయింది?’ అని అడిగితే, చేతికి వాచీ ఉండి కూడా ‘తెలీదండీ’ అంటూ పారిపోయేవాళ్లు మరికొందరు. వీళ్లని చూసి నవ్వుకోని ఇల్లాలు మా వీధిలో లేదు.

తెరమీదా వీళ్లే!

ఈ బిక్కమొహం ప్రేమికుణ్ని తెలుగు సినిమా బాగానే పట్టుకుంది. 2000లో తేజ తొలిసారి దర్శకత్వం వహించిన ‘చిత్రం’లో ఉదయ్ కిరణ్, రీమాసేన్ చదువుకునే పిల్లలు. తెలిసీ తెలియని ప్రేమ, దాంతోపాటు చేతిలోకి వచ్చిన పసిబిడ్డ! ఆ ఇద్దరి అవస్థ చూసి హాలంతా నవ్వింది, భయపడింది కూడా. 2008లో శ్రీకాంత్ అడ్డాల ‘కొత్త బంగారు లోకం’ ఇంటర్ పిల్లల ప్రేమకథే. 2024లో ఓటీటీలో వచ్చిన ‘నైంటీస్’ సిరీస్‌లో ప్రభుత్వ బడి లెక్కల మాస్టారి పెద్దకొడుకుగా మౌళి కనిపించాడు. ఆ మౌళే 2025 సెప్టెంబరులో విడుదలైన ‘లిటిల్ హార్ట్స్’లో హీరో అయ్యాడు. సాయి మార్తాండ్ దర్శకుడు. ఎంసెట్‌లో ర్యాంకు రాక లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరిన కుర్రాడు, అక్కడే మెడిసిన్ సీటు కోసం తంటాలు పడుతున్న అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆ పాత్రలో శివానీ నాగారం నటించింది. తీరా చూస్తే ఆ అమ్మాయి వయసులో అతనికంటే పెద్ద!

ఈ కుర్రాడు పదిమందిని కొట్టడు. వందమందితో కలిసి స్టెప్పులెయ్యడు. ర్యాంకు రాదు, నాన్న ముందు నోరు పెగలదు, అమ్మాయి ముందు మాట తిరగదు. అయినా తల్లులకి ఇతనంటే ఎందుకంత ముద్దు? ఇలాంటివాడు మనింట్లోనే ఉన్నాడు కనక. మనం పెట్టిన అట్లే తింటున్నాడు కనక!

ఆ వయసు తీరే అంత. ఒళ్లు ముందు పెరుగుతుంది, నిబ్బరం తర్వాతెప్పుడో వస్తుంది. గొంతు మారుతుంది, మొహాన మొటిమలొస్తాయి. అద్దం ముందు వందసార్లు వల్లించిన మాట అసలు మనిషి ఎదురుపడేసరికి గాల్లో కలిసిపోతుంది. ఆవేశం వచ్చినంత త్వరగా ఆలోచన రాదు. మెదడులో ముందువెనకలు చూసుకునే భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు దాకా పడుతుందని వైద్యులు చెబుతూనే ఉన్నారు. కాబట్టి ఈ తడబాటు దుర్మార్గమూ కాదు, రోగమూ కాదు. పెరగడంలో అదొక మెట్టు.

మరి అమ్మాయి తడబడితే?

ఇక్కడే నాకు నవ్వు ఆగిపోతుంది. ఒకే ఏడాది మా వీధిలో జరిగిన రెండు సంగతులు చెబుతాను, చూడండి.

పైవాటాలో ఓ ఇంటర్ కుర్రాడు. కెమిస్ట్రీ నోట్సు చివరి పేజీలో ఒకమ్మాయి పేరు ముప్ఫైసార్లు రాసుకున్నాడు. వాళ్లమ్మ కంట పడింది. వాళ్ల నాన్న అది చూసి, ‘ఏంట్రా, కాలేజీలో ఇంపొజిషన్ ఇచ్చారా?’ అన్నాడు. ఇల్లంతా నవ్వు. సాయంత్రానికి నాలుగు వాటాలకీ తెలిసింది. ‘వయసండీ, వయసు!’ అని తీర్పు చెప్పేశారు. మర్నాడు పిల్లాడు మామూలుగా కాలేజీకి వెళ్లాడు.

ఎదురింట్లో ఓ అమ్మాయి. వయసు పదిహేడు. క్లాసులో ఓ అబ్బాయి ఇచ్చిన రికార్డు తిరిగిస్తూ, ‘నీ రాత బాగుంటుంది’ అని చిన్న చీటీ రాసింది. ఇచ్చే ధైర్యం చాలక పుస్తకంలోనే దాచుకుంది. అది ఇంట్లో దొరికింది. అంతే! ఫోను లాక్కున్నారు. కాలేజీ మాన్పించి ఊళ్లో పెద్దమ్మ దగ్గరికి పంపేశారు. ప్రీఫైనల్ పరీక్షలు పోయాయి. ‘మంచి సంబంధం ఉంది, చూద్దామా?’ అనేదాకా వచ్చింది. పద్దెనిమిది నిండని పిల్లకి పెళ్లి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరమన్న సంగతి ఆ కంగారులో ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ పిల్లని కాపాడింది వాళ్ల బామ్మగారు. కళ్లజోడు పెట్టుకుని చీటీ రెండుసార్లు చదివి, ‘రాత బాగుందనేగా రాసింది! మీ నాన్న రాత చూసే నేనూ పెళ్లికి ఒప్పుకున్నానురా. ఆ రాత తప్ప ఆయనలో ఏమీ బాగుండేది కాదు’ అంది కొడుకుతో. ముందు కోడలు నవ్వింది. తర్వాత కొడుక్కీ నవ్వక తప్పలేదు. రెండు వారాల తర్వాత పిల్ల కాలేజీకి వచ్చింది. బామ్మగారు లేని ఇళ్ల సంగతేమిటని నాకు దిగులు.

ఇద్దరూ చేసింది ఇంచుమించు ఒకటే. అతనిది హాస్యకథ అయింది, ఆమెది పరువు సమస్య అయింది. సినిమాల్లోనూ అంతే కదా! కాలు జారేది, మాట తడబడేది, ఉత్తరం చించి మళ్లీ రాసేది ఎక్కువగా అబ్బాయే. అమ్మాయి చక్కగా జడ వేసుకుని, అతని ప్రేమకి జవాబు చెప్పడానికి నిలబడి ఉంటుంది. ఆమెకీ గుండె దడదడలాడుతుందనీ, ఆమె కూడా నవ్వొచ్చే పనులు చేస్తుందనీ చూపించే కథలు తక్కువ.

అసలు లేవని కాదు. పొత్తూరి విజయలక్ష్మి రాసిన ‘ప్రేమలేఖ’ నవలని జంధ్యాల 1984లో ‘శ్రీవారికి ప్రేమలేఖ’గా తీశారు. అందులో సరదాకి ప్రేమలేఖ రాసి పోస్టు చేసేది అమ్మాయే. ఆ చిలిపి పనిలోంచే కథంతా, నవ్వంతా పుట్టాయి. ఓ రచయిత్రి కలంనుంచి వచ్చింది కనకే ఆ అల్లరి ఆడపిల్ల చేతికి దక్కిందేమో అనిపిస్తుంది నాకు.

హద్దు ఎక్కడ?

అలాగని అన్నిటికీ ‘వయసు’ అని సరిపెట్టుకోమనడం లేదు. తడబాటు వేరు, వేధింపు వేరు. మాట రాక పారిపోయేవాణ్ని చూసి నవ్వొచ్చు. వద్దన్నా వెంటపడేవాణ్ని చూసి నవ్వకూడదు. మన సినిమాలు చాలాకాలం ఆ రెండోదాన్నే ప్రేమగా చూపించాయి. హైదరాబాద్‌లో 2014లో షీ టీమ్స్ పెట్టాల్సి వచ్చిందంటే, ఆడపిల్లలు ఎంత పడ్డారో ఊహించండి. ‘లేదు’ అన్న మాట విని తలొంచుకుని తప్పుకోవడం మగపిల్లాడికి ఇంట్లోనే నేర్పాలి. ఇది ఎంసెట్ కంటే ముఖ్యమైన కోచింగ్!

ఇక తల్లులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. చీటీ దొరికిన రోజే పంచాయతీ పెట్టకండి. ఆ రాత్రి గడవనివ్వండి. ‘ఎవరు? ఎప్పట్నుంచి?’ అని నిలదీసే బదులు, మీ పదహారేళ్లనాటి సంగతొకటి ముందు మీరే చెప్పండి. బంధువుల ముందు ఆట పట్టించకండి, ఆ వయసులో అవమానం చాలా లోతుగా దిగుతుంది. పెద్దవాళ్లెవరైనా పిల్లల వెంటపడుతున్నారనో, ఫొటోలడుగుతున్నారనో, బెదిరిస్తున్నారనో తెలిస్తే మాత్రం తక్షణం కదలండి. ఏం జరిగినా చదువు మాన్పించకండి. ‘ఏదైనా అమ్మకి చెప్పొచ్చు’ అన్న ధీమా పిల్లకి ఉంటే, సగం ప్రమాదం గుమ్మం బయటే ఆగిపోతుంది.

అన్నిటికంటే ముందు, కొడుక్కిచ్చిన నవ్వే కూతురికీ ఇవ్వండి. ఇంటర్ తప్పినవాళ్లకి సప్లిమెంటరీ పరీక్ష ఉంది. ర్యాంకు రానివాళ్లకి లాంగ్‌టర్మ్ ఉంది. పదిహేడేళ్లకి ఓ చీటీ రాసుకున్న ఆడపిల్లకి మాత్రం రెండో ఛాన్సు ఉండొద్దా?