ఇంటి అప్పు : ఎవరికి ఏ వాకిలి?

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత తెలుగునను కలదు, తమిళమునను కలదు. రెండు భాషల నడుమ బ్రదుకుచున్న మన కయత్తారు, కోవిల్‌పట్టి ప్రాంతపువారికి ఆ హెచ్చరిక రెండుమారులు వినబడినట్లే. మన పూర్వులు ఉత్తరదేశము విడిచి ఈ నల్లరేగడి నేలకు వచ్చి, అడవిని చదును చేసి ఇండ్లు కట్టుకొన్న వైనమును, ఇచ్చటి ఇడైసెవల్ గ్రామమున తెలుగింట పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' అను నవలగా 1976లో వెలువరించినారు. ఆనాడు ఇంటికి కావలసినవి నేల, మట్టి, కలప, తోటివారి చేతులు. నేడు వీనికన్నిటికంటె ముందుగా కావలసినది పైకము. ఆ పైకము దొరకుటకు కావలసినవి కాగితములు.

విద్యార్థులారా, పెద్దలకు చెప్పవలసిన ఈ సంగతి పాఠశాల పత్రికలో ఏలయని మీకు తోచవచ్చును. మన ఇండ్లలో మాటలాడు భాష తెలుగు. పట్టా తమిళమున ఉండును. బ్యాంకు ఒప్పందము తరచుగా ఆంగ్లమున ఉండును. ఈ మూడింటిని కూడబలుకుకొని చదువగలవారు అనేక గృహములలో మీరు మాత్రమే. పెద్దలు సంతకము చేయుటకు ముందు ఆ కాగితము చదివి చెప్పవలసిన పని మీపై పడును గనుక మీకే వ్రాయుచున్నాను.

ముందుగా ఒక లెక్క చూడుడు. 'రెండు రూపాయల వడ్డి' అనగా నూటికి నెలకు రెండు రూపాయలు. వినుటకు రెండే, సంవత్సరమునకు 24 శాతము. ఐదు లక్షల రూపాయలు ఈ వడ్డికి తెచ్చినచో నెలకు 10,000 రూపాయలు వడ్డియే చెల్లించవలయును. అసలులో చిల్లిగవ్వయు తరుగదు. పదునైదేండ్లు అట్లు కట్టినచో పదునెనిమిది లక్షలు పోవును, ఐదు లక్షల అప్పు అట్లే నిలిచియుండును. అదే ఐదు లక్షలు సాలుకు 9 శాతము వడ్డిపై పదునైదేండ్ల వాయిదాలకు తెచ్చినామనుకొనుడు. నెలకు సుమారు 5,071 రూపాయలు కట్టిన చాలును. గడువు ముగియునప్పటికి అసలును వడ్డియు రెండును తీరిపోవును. వడ్డి 14 శాతమైనను నెలకు 6,659 రూపాయలకు మించదు. అనగా వడ్డివ్యాపారికి ధారపోయు దానిలో ఇంచుమించు సగముతో ఇల్లు మనదగును.

మితిమీరిన వడ్డి వసూలు చేయుటను నిషేధించుచు తమిళనాడు ప్రభుత్వము 2003లో ఒక చట్టము చేసినది. కందు వడ్డి, మీటరు వడ్డి, రోజు వడ్డి మొదలగునవన్నియు దాని క్రింద నేరములు. మూడేండ్ల వరకు కారాగారము, 30,000 రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. అయినను జనులు ఆ వాకిటికే పోవుట మానలేదు. అచ్చట ఎవ్వరును కాగితము అడుగరు. ఆ పూటకే పైకము చేతికి వచ్చును. మనయొద్ద కాగితము లేనందులకు మనము చెల్లించు వెలయే ఆ హెచ్చు వడ్డి. ఈ యొక్క మాట పట్టుకొన్నచో తక్కిన విషయమంతయు సులువుగా బోధపడును.

అప్పిచ్చు సంస్థ ఏదైనను మూడు ప్రశ్నలు అడుగును. నీకు నెలనెలా వచ్చునదెంత, దానికి రుజువేది? నేల నీదేనా? ఇదివరకు తెచ్చిన అప్పులు సరిగా తీర్చితివా? మూడింటికిని కాగితముతో బదులు చెప్పగలవారు కొందరే. తక్కినవారికి ఏదో ఒకటి లోపించును. ఏది లోపించినదో ముందు తెలిసికొని, ఆ లోపమును సహించు వాకిలి తట్టవలయును. అది తెలియక అన్ని వాకిండ్లును తట్టి, అన్నిచోట్లను లేదనిపించుకొని, తుదకు వడ్డివ్యాపారి అరుగుపై కూర్చుండువారు పెక్కుమంది.

జీతపు రసీదు గలవారి పని తేలిక. ఉపాధ్యాయులు, ప్రభుత్వోద్యోగులు, పేరుగల సంస్థలలో పనిచేయువారు నేరుగా జాతీయ బ్యాంకులకు పోవుటయే మేలు. వడ్డి అచ్చటనే తక్కువ. మన ప్రాంతమున పుట్టిన బ్యాంకులును కలవు. 1921లో తూత్తుకుడిలో నాడార్ బ్యాంకుగా ప్రారంభమై 1962లో పేరు మార్చుకొన్నది తమిళనాడు మర్కంటైల్ బ్యాంకు. 1977లో ఏర్పడిన పాండ్యన్ గ్రామ బ్యాంకు 2019 ఏప్రిల్ 1న పల్లవన్ గ్రామ బ్యాంకుతో కలిసి తమిళనాడు గ్రామ బ్యాంకు అయినది. పాత పేరుగల పాసుపుస్తకము ఇంట నున్నచో పారవేయకుడు. ఏ బ్యాంకైనను ఇంటి విలువ మొత్తమును ఈయదు. ముప్పది లక్షల వరకు గల అప్పులకు విలువలో 90 శాతము మించరాదని రిజర్వు బ్యాంకు నియమము. తక్కిన పదియవ వంతు మనము కూడబెట్టుకొని యుండవలయును. దీనిని మరచి పునాది త్రవ్వించినవారి గోడలు నడుములోతుననే ఆగిపోవుట మనమందరము చూచినదే.

జీతపు రసీదు లేనివారి మాటయే ఇచ్చట ముఖ్యము. అగ్గిపెట్టెల కర్మాగారమున కూలి తీసికొను దంపతులు, కడలమిఠాయి చేసి అమ్ముకొనువారు, టీ అంగడి నడుపువారు, టైలరు, లారీ తోలువారు — వీరికి రాబడి లేదా? ఉన్నది. రుజువు లేదు. అట్టివారికై గృహఋణ సంస్థలని వేరుగా కలవు. వీనికి పెట్టుబడి సమకూర్చి పోషించుటకై జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 1988లో నెలకొన్నది. 2019 నుండి ఇవి రిజర్వు బ్యాంకు కట్టడికి లోబడినవి. వీనిలో ఒకదాని చరిత్ర మనకు ఆసక్తికరము. బర్మానుండియు సింహళమునుండియు నిరాశ్రయులై తిరిగివచ్చినవారికై కేంద్రప్రభుత్వము 1969లో రెప్కో బ్యాంకును స్థాపించినది. రంగూను విడిచి వచ్చినవారిలో తెలుగువారును అనేకులని మీరు చరిత్రలో చదివియుందురు. ఆ బ్యాంకు 2000లో చెన్నపట్టణమున ఏర్పరచినదే రెప్కో గృహఋణ సంస్థ. సొంతపని చేసికొను వారికి అప్పిచ్చుట దాని వ్యాపారములో పెద్దభాగము. ఇట్టి సంస్థల ఉద్యోగి ఇంటికే వచ్చి, అంగడి చూచి, సరుకు కొనుగోలు చిట్టా చూచి, ఇరుగుపొరుగు వారిని విచారించి రాబడి అంచనా వేయును. ఆ శ్రమకును, ఆ సాహసమునకును వడ్డి రెండు మూడు శాతములో, అంతకు మించియో హెచ్చుగా ఉండును. ఆ హెచ్చు నాకు అన్యాయముగా తోచదు; కాని దానిని శాశ్వతముగా మోయనక్కరలేదు. రెండు మూడేండ్లు తప్పక వాయిదాలు కట్టినచో, ఆ చెల్లింపుల పట్టికయే రుజువగును. దానిని చూపి మిగిలిన అప్పును తక్కువ వడ్డికి బ్యాంకునకు మార్చుకొనవచ్చును. మారు వడ్డి గల ఇంటి అప్పును వ్యక్తులు ముందుగా తీర్చినందులకు జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు శాసించియున్నది.

కూలివారు చేయదగిన సులువైన పని ఒకటి కలదు. వచ్చిన కూలిని ముందుగా బ్యాంకులో వేసి పిదప తీసికొనుట. ఏడాది గడచునప్పటికి పాసుపుస్తకమే జీతపు రసీదు పనిచేయును. భార్యాభర్తలు ఉమ్మడిగా అడిగినచో ఇరువురి రాబడియు లెక్కకు వచ్చును. వయస్సు మళ్లినవారు సంపాదనగల కుమారునో కుమార్తెనో తోడు చేర్చుకొన్నచో గడువు పొడిగింపబడును.

పూరి గుడిసెలోనున్న నిరుపేదకు అప్పు కాదు, సహాయధనము కావలయును. కేంద్రపు గ్రామీణ గృహపథకము 2016లో మొదలైనది. మైదానప్రాంతమున ఇంటికి 1,20,000 రూపాయలు దాని మొత్తము. తమిళనాడు ప్రభుత్వము 2024లో 'కలైఞరిన్ కనవు ఇల్లం' అను పేర, గుడిసెలు లేకుండ జేయు తలంపుతో, ఇంటికి మూడున్నర లక్షల చొప్పున ప్రకటించినది. 2010లో వేరొక పేరు, 2011లో మరియొక పేరు ఉండెను. ప్రభుత్వము మారినపుడు పథకము పేరును మారును. కావున పేరును వెదకక పంచాయతి కార్యాలయమున "గుడిసెవారికి ఇప్పుడున్న పథకమేది" అని అడుగుట తెలివి. పట్టణ పంచాయతి, పురపాలక సంఘముల హద్దులలో నుండువారికి మరియొక సదుపాయము కలదు. 2024 సెప్టెంబరు 1 నుండి ఐదేండ్లకు ఉద్దేశించిన కేంద్ర పట్టణ గృహపథకపు రెండవ విడతలో, సాలు రాబడి తొమ్మిది లక్షలకు మించక, దేశమున ఎచ్చటను పక్కా ఇల్లు లేనివారు 25 లక్షలలోపు అప్పు తెచ్చినచో, మొదటి ఎనిమిది లక్షలపై 4 శాతము వడ్డి రాయితీ లభించును. అది 1,80,000 రూపాయల వరకు ఐదు వార్షిక కంతులుగా అప్పు ఖాతాలో జమయగును.

ఇక నేల. మన ప్రాంతమున ఇంటి అప్పులు తిరస్కరింపబడుటకు రాబడికంటె నేలయే హెచ్చు కారణమని నా అభిప్రాయము. మన ఇండ్లలో పెక్కు నత్తము భూమిలో ఉన్నవి. తాతముత్తాతలనాటి ఊరిస్థలమునకు విక్రయపత్రము ఉండదు. ఎవరు ఎవరికి అమ్మినారు గనుక? అట్టివారు తహసీల్దారు కార్యాలయమున నత్తము పట్టా పొందవలయును. పట్టా ఉన్నను అది కాలము చేసిన తాతగారి పేరుననే యుండుట సర్వసాధారణము. అప్పుడు వారసత్వ ధ్రువపత్రము తెచ్చి, అన్నదమ్ములు అక్కచెల్లెండ్రు అందరు సంతకములు చేసి భాగపత్రమో విడుదలపత్రమో రిజిస్టరు చేయించి, పిదప పట్టా పేరు మార్పించుకొనవలయును. ఒక్క మేనత్త దూరదేశమున నుండి సంతకము చేయకున్నను అప్పు ఆగును. ఈ పని నెలలు పట్టును. ఇల్లు కట్టదలచిన యేడు కాక అంతకు ముందు యేడే మొదలుపెట్టవలయును.

నేలపై ఇదివరకు తాకట్టు లేదని చూపునది విల్లంగ సర్టిఫికెట్టు. నేను శిక్షణ పొందిన ఆంధ్రదేశమున దీనినే 'ఇ.సి.' యందురు, పేరు వేరైనను పత్రము ఒకటే. రిజిస్ట్రేషను శాఖవారి ఇంటర్నెట్ పుటలో దీనిని రుసుము లేకుండ చూడవచ్చును. ఈ పని మీరు ఇంటనే చేసిపెట్టగలరు. క్రొత్తగా ఇంటిస్థలము కొనువారు అనుమతి గల లేఅవుటా కాదా అని విచారింపవలయును. అనుమతిలేని స్థలముల రిజిస్ట్రేషనును 2016లో మద్రాసు హైకోర్టు ఆపినది. ఆ సంవత్సరము అక్టోబరు 20కి ముందటి స్థలములను క్రమబద్ధము చేసికొనుటకు 2017లో నియమములు వచ్చినవి. క్రమబద్ధము కాని స్థలముపై బ్యాంకు అప్పు దొరకుట కల్ల. స్థలమును ఇంటి ఆడువారి పేర కొనుట మరియొక విధముగ లాభము: పది లక్షల లోపు ఆస్తికి 2025 ఏప్రిల్ 1 నుండి రిజిస్ట్రేషను రుసుములో ఒక శాతము తగ్గించినారు.

కప్పు కారుచున్నది, మరుగుదొడ్డి కట్టవలయును, ఒక గది పెంచవలయును — ఇట్టి చిన్న పనులకు ఇంటిని తాకట్టు పెట్టనక్కరలేదు. సహకార సంఘమున నగలపై తెచ్చు అప్పు, స్త్రీల స్వయంసహాయక సంఘపు అప్పు చాలును. చీటిపాటయు మంచిదే, కాని అది 1982 చట్టము క్రింద రిజిస్ట్రారు అనుమతి పొందినదై యుండవలయును. నోటిమాటపై నడచు చీటి మునిగినచో అడుగుటకు దిక్కుండదు. తొందరపడి మొదటి నెలలలో పాడినవారు ఎక్కువ తోసివేతకు ఒప్పుకొందురు. అదియు వడ్డియేయని గ్రహింపుడు.

మన ఊళ్లలో 'ఒత్తి' యని యొక వాడుక కలదు. కొంత మొత్తము ఇంటి యజమానికిచ్చి, అద్దె లేక కాపురముండి, గడువు తీరినపిదప ఆ మొత్తము తిరిగి పుచ్చుకొనుట. తెలుగున భోగ్యమను మాట దీనికి దగ్గర. ఇల్లు కొనలేనివారికిది ఊరటయే. కాని ఆ ఇల్లు ముందే బ్యాంకు తాకట్టులో నున్నచో ఇచ్చిన పైకము చిక్కున పడును. ఒత్తికి పోవువారును విల్లంగము చూడవలయును. ఒత్తి పత్రమును రిజిస్టరు చేయింపవలయును.

ఒప్పందము చదువునపుడు వడ్డి 'ఫ్లాటు' అని యున్నదేమో చూడుడు. లక్ష రూపాయలు ఐదేండ్లకు పది శాతము ఫ్లాటుపై తెచ్చినచో నెలకు 2,500 కట్టవలయును. తీరిన అసలును తీసివేసి లెక్కించినచో ఆ వడ్డి 17 శాతము దాటును. 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులును సంస్థలును ముఖ్యాంశముల పత్రమొకటి, అన్ని ఖర్చులును కలిపిన సాలువడ్డితో, అప్పు తీసికొనువారికి అర్థమగు భాషలో ఈయవలయును. దానిని అడిగి పుచ్చుకొనుడు. స్నేహితునికి జామీను సంతకము చేసినచో ఆ అప్పు మన ఖాతా చరిత్రలోను కనబడును. ఆ చరిత్రను సాలుకొకమారు ఉచితముగా తెప్పించి చూచుకొనవచ్చును. మూడు నెలలు వాయిదాలు తప్పినచో అప్పు మొండిబాకీలలో చేరును. పిదప 2002 చట్టము ప్రకారము అరువది దినముల నోటీసిచ్చి ఇంటిని స్వాధీనము చేసికొనగలరు. అందుచేత మొదటి వాయిదా తప్పకమునుపే బ్యాంకునకు పోయి గడువు సవరింపుమని వ్రాతమూలకముగా అడుగవలయును. ఆ అర్జీకి అందినట్లు ముద్ర వేయించుకొనుడు.

అప్పు పూర్తిగా తీరినపిదప మూలపత్రములను ముప్పది దినములలోగా తిరిగి ఈయవలయుననియు, ఆలస్యమునకు దినమునకు 5,000 రూపాయల చొప్పున చెల్లింపవలయుననియు 2023 డిసెంబరు 1 నుండి నియమము కలదు. పత్రములు చేతికి వచ్చినంతనే పని ముగియలేదు. తాకట్టు రద్దు రసీదును సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున నమోదు చేయించి, మరల విల్లంగ సర్టిఫికెట్టు తీసి చూడవలయును. అందులో ఆ పద్దు రద్దైనట్లు కనబడువరకు ఇల్లు తాకట్టులో నున్నట్లే కాగితము చెప్పుచుండును.